‘నీ మెడ మీద సెట్టు కనపడదు’ అన్నారు... ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే అక్కా. నాకు 27 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయ్యాక విజయవాడలో ఒక పెద్ద నగల షోరూమ్‌లో సేల్స్‌లో చేరాను. నాలుగేళ్లు కావస్తోంది. మొదటి నుంచీ పెళ్లి నగల కౌంటరే. జీతం పదహారు వేలు, ముహూర్తాలున్న నెలల్లో ఇన్సెంటివ్ ఇంకో ఎనిమిది తొమ్మిది వేలు వచ్చేది. నన్ను పేరు పెట్టి అడిగి వచ్చే కస్టమర్లున్నారు. నేను నల్లగా ఉంటాను, కాస్త పొట్టి, బుగ్గల మీద మొటిమల మచ్చలున్నాయి. ఇన్నాళ్లూ షాపులో ఎవరూ ఏమీ అనలేదు. ఆర్నెల్ల క్రితం కొత్త ఫ్లోర్ మేనేజర్ వచ్చారు. వచ్చిన నెలకే నన్ను పాత బంగారం కౌంటర్‌కి మార్చారు. ఎందుకు సార్ అని అడిగితే ‘సెట్టు వేసుకుని చూపించాలి కదమ్మా, నీ మెడ మీద సెట్టు కనపడదు’ అని అందరి ముందూ నవ్వారు. నా చోట కొత్తగా చేరిన అమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి మంచిదే, తరుగు లెక్క ఇప్పటికీ నన్నే వచ్చి అడుగుతుంది. నాకు మాత్రం ఇన్సెంటివ్ పోయింది. పోయిన నెల ఇంకో అమ్మాయితో ‘జాకెట్టు వెనక కాస్త డీప్‌గా కుట్టించుకో, కస్టమర్లు ఇంకో అరగంట కూర్చుంటారు’ అన్నారు. ఇంట్లో చెబితే మా అమ్మ ‘లోకం అంతేనే, కాస్త రంగు తేలితే వాళ్లే పిలుస్తారు’ అని మెడికల్ షాపు నుంచి క్రీమ్ తెప్పించింది. మూడు నెలల నుంచి రాస్తున్నాను. రంగు తేలినట్టే ఉంది కానీ ఎండలోకి వెళ్తే ముఖం మండుతోంది. నేనే ఎక్కువగా ఆలోచిస్తున్నానా? క్రీమ్ రాయాలా మానాలా? కంప్లైంట్ ఇవ్వాలా, ఉద్యోగమే మానేయాలా? (పేరు వద్దు, విజయవాడ)

జవాబు:

చెల్లీ,

మిగతావన్నీ తర్వాత. ముందు ఆ క్రీమ్ ట్యూబు వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదువు. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్... ఈ పేర్లలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడ్ క్రీమ్. ఎగ్జిమాకీ, సోరియాసిస్‌కీ డాక్టరు చూసి, ఇన్ని రోజులే అని చెప్పి ఇచ్చే మందు అది. పక్కనే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని కూడా ఉంటే మంగు మచ్చలకి వాడే మిశ్రమం. దేన్నీ ఊరికే తెచ్చుకుని ముఖానికి రాసుకోకూడదు. చర్మానికి రాసే స్టెరాయిడ్లని డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన బిగించింది కూడా. అయినా మన మెడికల్ షాపుల్లో ‘రంగు తేలే క్రీమ్ ఇవ్వండి’ అంటే కౌంటర్ మీద పెట్టేస్తారు.

దీనితో వచ్చే చిక్కేమిటంటే, మొదట్లో నిజంగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. రెండు మూడు వారాల్లో ముఖం తేటపడుతుంది. అందుకే పిన్ని కూతురు చెబితే అత్త కోడలు వాడుతుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది, ఎర్రటి సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, కొత్త మొటిమలు లేస్తాయి, చెంపల మీద నూగు పెరుగుతుంది. ఎండ తగిలితే మంట. నువ్వు రాసింది అదే. ఇక మానేద్దామని మానితే నాలుగు రోజుల్లో ముఖమంతా ఎర్రబడి మండిపోతుంది, భయపడి మళ్లీ రాస్తారు. ఇలా ఏళ్ల తరబడి ఆ ట్యూబుకి కట్టుబడిపోయిన ఆడవాళ్లు చర్మ డాక్టర్ల దగ్గర రోజూ కనిపిస్తారు. కాబట్టి నీ అంతట నువ్వు రాస్తూ పోవద్దు, నీ అంతట నువ్వు ఠక్కున ఆపేసి ఆ మంట ఒంటరిగా పడనూ వద్దు. ఈ వారంలోనే ట్యూబు పట్టుకుని స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లు. ప్రైవేటు ఫీజు బరువనుకుంటే ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగం ఓపీకి వెళ్లు. మొటిమల మచ్చల గురించి కూడా అక్కడే అడుగు. వాటికి వైద్యం ఉంది. రంగు మాత్రం జబ్బు కాదు, దానికి వైద్యం అక్కర్లేదు.

ఒకవేళ ఆ డబ్బా మీద ఏ మందు పేరూ లేకపోతే ఇంకా ఎక్కువ అనుమానించాలి. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలిసి ఉండొచ్చు. కేరళలో మలప్పురం వైపు ఇలాంటి క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చిందని 2023లో డాక్టర్లు బయటపెట్టారు. కాళ్లు వాస్తున్నా, మూత్రంలో నురగ వస్తున్నా డాక్టరుకి చెప్పు, మూత్ర పరీక్ష చేయించమని అడుగు.

అమ్మని కోప్పడకు. ఆమె తరానికి ఈ పాఠం టీవీ నేర్పింది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ టీవీ ప్రకటనలో చూపించిన ఒక కథ గుర్తుందా? కొడుకు ఉంటే బాగుండేదని తండ్రి నిట్టూరుస్తాడు, నల్లటి కూతురు ట్యూబు రాసుకుంటుంది, ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం వస్తుంది, తండ్రి సంతోషిస్తాడు. ఐద్వా అనే మహిళా సంఘం వాళ్లు పోరాడగా పోరాడగా 2003లో ఆ ప్రకటన ఆగింది. క్రీమ్ పేరు మారడానికి 2020 దాకా పట్టింది. అంటే ‘రంగు తేలితే ఉద్యోగం’ అన్నది మీ అమ్మ సొంతంగా కనిపెట్టిన మాట కాదు. డబ్బు పెట్టి ఇంటింటికీ చేరవేసిన మాట.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. ‘నేనే ఎక్కువగా ఆలోచిస్తున్నానా?’ లేదు. ‘అందం ముఖ్యం కాదు, మనసు ముఖ్యం’ అని ఇలాంటి జవాబుల్లో రాసేస్తుంటారు. నేను రాయను. ఉద్యోగాల్లో రూపానికి ధర ఉంది, దాన్ని లెక్క కట్టినవాళ్లు కూడా ఉన్నారు. డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా, కెనడా సర్వేల సమాచారం తీసుకుని 1994లో ఒక పరిశోధన అచ్చు వేశారు. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగినవాళ్లు, ఎదుటి మనిషి చూడ్డానికి ఎలా ఉన్నాడో కూడా ఒక అంకె వేసుకొచ్చారు. చదువు, అనుభవం లాంటివన్నీ పక్కకి తీసి చూసినా, చూడ్డానికి సాదాగా ఉన్నవాళ్ల సంపాదన మామూలుగా ఉన్నవాళ్ల కంటే 5 నుంచి 10 శాతం తక్కువ తేలింది. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకి కూడా. పొడుగు సంగతీ అంతే. 2004లో వచ్చిన ఇంకో అమెరికా పరిశోధనలో ఒక్కో అంగుళం ఎత్తుకి ఏడాదికి దాదాపు 789 డాలర్ల తేడా కనిపించింది. నీ ఇన్సెంటివ్ ఎగిరిపోవడం నీ ఊహ కాదు, లోకంలో చాలాచోట్ల జీతం చీటీల మీద కనిపించే సంగతే.

అది ఎలా జరుగుతుందో నేను బల్లకి అవతలి వైపు కూర్చుని చూశాను. హెచ్ఆర్‌లో చాలాకాలం చేశాను కాబట్టి ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చోవడం అలవాటే. ఒక ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీస్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. ఒకమ్మాయి లోపలికి రాగానే ప్యానెల్ పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగి, ‘రామ్మా, మంచినీళ్లు తాగుతావా’ అన్నారు. ఆ అమ్మాయి ఇన్సూరెన్స్ అప్రూవల్ గురించి అడిగిన ప్రశ్నకి తడబడింది. ‘టెన్షన్ పడుతోంది పాపం’ అని ఆయనే సగం జవాబు అందించారు. తర్వాత వచ్చినమ్మాయి కాస్త లావు, పళ్లు ఎత్తు. అదే ప్రశ్న. ఆ అమ్మాయీ అక్కడే తడబడింది. ఈసారి ఆయన వాచీ చూసుకున్నారు. ఆ అమ్మాయి వెళ్లాక కాగితం మీద ‘కాన్ఫిడెన్స్ లేదు’ అని రాశారు. మొదటి అమ్మాయి కాగితం మీద ‘ప్రెజెంటబుల్, ట్రెయిన్ చేసుకోవచ్చు’ అని ఉంది. ఆయన చెడ్డవాడేం కాదు. రంగు చూసి, పళ్లు చూసి మార్కులేశానని ఆయన కల్లో కూడా అనుకోడు. ఒక తడబాటు ఒకచోట టెన్షన్ అయింది, ఇంకోచోట చేతకానితనం అయింది, అంతే. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే దీన్ని పట్టుకున్నాడు. సైన్యంలో పై అధికారులు కింది వాళ్లకి వేసిన మార్కులు చూస్తే, ఒడ్డూ పొడుగూ బాగున్నవాడికి తెలివి, నాయకత్వం, నడవడిక అన్నిట్లోనూ మంచి మార్కులే పడుతున్నాయి. ఒక్క గుణం చూసి మిగతావి ఊహించుకోవడం అన్నమాట.

ఇది ఇక్కడితో ఆగదు. వాచీ చూసుకునేవాడి ముందు ఎవరైనా ముడుచుకుపోతారు. ముడుచుకుపోతే ‘చూశారా, చొరవ లేదు’ అంటారు. నీ విషయంలో ఇంకా సులువు. ఇన్సెంటివ్ లేని కౌంటర్‌లో పడేశారు కాబట్టి నీ పేరు మీద అమ్మకాలు ఉండవు. ఏడాది తిరిగాక అప్రైజల్‌లో ‘అమ్మకాలు లేవు’ అంటారు. అందుకే మారక ముందు నీ లెక్కలేమిటో ఇప్పుడే చేతిలో పెట్టుకోవాలి. ఎలాగో కింద చెబుతాను.

మీ మేనేజర్ దగ్గరికి వద్దాం. ‘కస్టమర్లే అలా కోరుకుంటారు’ అనేది ఇలాంటి వాళ్లందరూ చెప్పే సాకు. నీ కస్టమర్లు నిన్ను పేరు పెట్టి అడిగి వస్తున్నారంటే వాళ్లేం కోరుకుంటున్నారో తెలుస్తూనే ఉంది. పెళ్లి నగలు కొనడానికొచ్చిన తల్లికి కావలసింది తరుగు ఎంత, మజూరీ ఎంత, రాళ్ల బరువు తీసేశారా లేదా, కాసుల పేరు బడ్జెట్లో రాకపోతే దానికి దగ్గరగా ఇంకేముంది అని ఓపిగ్గా చెప్పే మనిషి. బందరు రోడ్డు హోర్డింగుల మీద ముంబై మోడళ్ల ముఖాలు ఉంటే ఉండనీ, కౌంటర్ ముందు కుర్చీలో కూర్చున్న పెళ్లికూతురు మాత్రం మనమ్మాయే, చాలాసార్లు నీ రంగే. సెట్టు తన మీద ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ అమ్మాయికి నీ మెడే నయం. ఇంకో మాట, మీ మేనేజర్ ఎప్పుడైనా గమనించారో లేదో, చాలా షోరూముల్లో హారాల్ని నల్ల మఖమల్ బొమ్మల మీదే పెడతారు. బంగారం దాని మీద మెరుస్తుంది గనక.

షాపు అందం కోసం సిబ్బంది ఒంటిని ఎలాగైనా వాడుకోవచ్చు అనే ఆలోచన ఒక్క రంగుతో ఆగదని కూడా చెప్పాలి. రోజంతా నిలబడే ఉండాలన్న నియమం ఎందుకొచ్చిందనుకున్నావు? సేల్స్ అమ్మాయి కూర్చుంటే షాపు కళ తప్పుతుందని. కోళికోడ్‌లో పి. విజి అనే ఆవిడ బట్టల షాపుల్లో, చిన్న షాపుల్లో పనిచేసే ఆడవాళ్లని కూడగట్టి ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పెట్టి ఏళ్ల తరబడి కొట్లాడారు. ఫలితంగా 2018లో కేరళ షాపుల చట్టం సవరించి, పనిలో కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. ఆ ఆడవాళ్లు మన షోరూముల్లో నిలబడే అమ్మాయిల లాంటివాళ్లే, వాళ్ల కాళ్లూ ఇలాగే వాచేవి.

అయితే ఒకటి వేరు చేసి చూడు. ముడి వేసుకో, చీర పిన్నులు సరిగ్గా పెట్టుకో, గోళ్లు శుభ్రంగా ఉంచుకో, లేత రంగు లిప్‌స్టిక్ వేసుకో... ఇవి ఏ షోరూమైనా పెట్టే గ్రూమింగ్ నియమాలు. అందరికీ ఒకేలా ఉంటే, ఎవరైనా పాటించగలిగేవైతే, వాటితో గొడవ పడక్కర్లేదు. చక్కగా పాటించు, ఆ సాకు వాళ్ల చేతికి ఇవ్వకు. రంగు, ఎత్తు, పళ్ల వరస, ముఖం మీద మచ్చలు అలాంటివి కావు. పొద్దున్నే అద్దం ముందు పావుగంటలో మార్చుకోగలిగేది నియమం, పుట్టుకతో వచ్చినదాన్ని పట్టుకుని అనేది అవమానం.

చట్టం ఏమంటుందంటే, నిన్ను మభ్యపెట్టడం నాకిష్టం లేదు, సూటిగా చెబుతాను. రాజ్యాంగంలో 15, 16 అధికరణలు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు లాంటి కారణాలతో వివక్ష వద్దంటాయి. రూపం ఆ జాబితాలో లేదు. పైగా 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల గురించి, నీది ప్రైవేటు షోరూమ్. ఫ్రాన్స్‌లో 2001లోనే శారీరక రూపాన్ని వివక్ష కారణాల్లో చేర్చారు. న్యూయార్క్ నగరంలో 2023 నుంచి ఎత్తు, బరువు చూసి ఉద్యోగంలో తేడా చూపించకూడదు. మనకి అలాంటి చట్టం లేదు. కాబట్టి ‘రంగు చూసి కౌంటర్ మార్చారు’ అన్న ఒక్క మాట మీద కేసు నిలబెట్టడం కష్టం.

కానీ ఆ జాకెట్టు మాట సంగతి వేరు. అది ముమ్మాటికీ 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కిందికి వస్తుంది. ఆడవాళ్ల ఒంటి గురించి అసభ్యంగా మాట్లాడడం వేధింపేనని అందులో ఉంది, ముట్టుకోవాల్సిన పనే లేదు. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలిగా ఒక సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు ఉండాలి. కమిటీ పెట్టకపోతే యాజమాన్యానికి 50 వేల దాకా జరిమానా. ఫిర్యాదు రాతపూర్వకంగా, సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. కమిటీయే లేకపోతేనో, ఫిర్యాదు సాక్షాత్తూ ఓనరు మీదైతేనో జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే షీ-బాక్స్ అనే వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు పెట్టే వీలుంది.

మామూలుగా ఆ ఫిర్యాదు ఇవ్వాల్సింది ఆ మాట పడ్డ అమ్మాయి. నువ్వు సాక్షివి. ఆమె మీద ఒత్తిడి పెట్టకు. పక్కకి తీసుకెళ్లి, పోయిన నెల జరిగింది కాబట్టి ఇంకా గడువుందని, నువ్వు విన్నది విన్నట్టు చెప్పడానికి సిద్ధమని మాత్రం చెప్పు. తేదీ, టైమ్, అన్న మాట అన్నట్టుగా, ఎవరెవరున్నారో ఇవాళే ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. అలాంటి మాట నీతో అన్నా ఇదే దారి.

ఇంకో సంగతి. నువ్వు రాయలేదు కాబట్టి నేనేం ఊహించను. కానీ మన దగ్గర రంగు మాట చాటున కులం మాట నక్కి ఉండడం కొత్తేం కాదు. ‘చూడగానే తెలిసిపోతోందిలే’ లాంటి మాటలు ఆ కోవలోవే. నువ్వు ఎస్సీ లేదా ఎస్టీ అయ్యుండి, కులం పేరు ఎత్తి నలుగురి ముందు అవమానించి ఉంటే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అది పోలీసు స్టేషన్‌కి వెళ్లే విషయం, ముందు లాయర్ని కలువు. అలాగే ఇది చదువుతున్న మరికొందరి కోసం చెబుతున్నాను. యాసిడ్ దాడికి గురైనవాళ్లు, కుష్ఠు నయమైనవాళ్లు, మరుగుజ్జుతనం ఉన్నవాళ్లు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిధిలోకి వస్తారు. వాళ్లకి సమాన అవకాశాల విధానం రాసి పెట్టాల్సిన బాధ్యత ప్రైవేటు సంస్థల మీద కూడా ఉంది.

ఇప్పుడు అసలు పని. మీ మేనేజర్‌తో నీ రూపం గురించి వాదన పెట్టుకోకు. ‘నేనేం అంత నల్లగా లేను సార్’ అనే మాట నోటి నుంచి రానివ్వకు. ఆ వాదనలో దిగితే ఆయన కొలబద్దనే నువ్వూ ఒప్పుకున్నట్టవుతుంది. నువ్వు అడగాల్సింది కౌంటర్ గురించి, డబ్బు గురించి. పెళ్లి కౌంటర్‌లో చేసిన కాలానికి జీతం చీటీలు, ఇన్సెంటివ్ జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్, టార్గెట్ దాటినప్పుడు గ్రూపులో పెట్టిన అభినందన మెసేజీలు... దొరికినవన్నీ పోగెయ్యి. షోరూమ్ బిల్లులు, కస్టమర్ల నంబర్లు మాత్రం ఫొటోలు తీయకు, అది నీ మీదికే వస్తుంది. తర్వాత హెచ్ఆర్‌కి ఇలా ఒక మెయిల్ పెట్టు, నీ మాటల్లోనే మార్చుకో:

‘నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పెళ్లి నగల కౌంటర్‌లో పనిచేశాను. ఆ కాలంలో నాకు వచ్చిన ఇన్సెంటివ్ వివరాలు జత చేస్తున్నాను. ఫలానా తేదీన నన్ను పాత బంగారం కౌంటర్‌కి మార్చారు. అప్పటి నుంచి నెలకి ఇంత ఆదాయం తగ్గింది. ఈ మార్పుకి కారణం ఏమిటో, ఇది ఎంతకాలమో, ఇక్కడ నాకు ఇన్సెంటివ్ ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా తెలపగలరు. పెళ్లి నగల కౌంటర్‌కి తిరిగి రావాలంటే నేనేం చేయాలో కూడా చెప్పగలరు.’

ఇందులో ఎక్కడా ఏడుపు లేదు, ఎవరి మీదా నింద లేదు చూడు. కావాలనే. నలుగురి ముందు నవ్వుతూ అనేసిన మాటని కాగితం మీద పెట్టి సంతకం చేయడానికి ఏ మేనేజరూ సాహసించడు. ఆయన వేరే కారణం వెతుక్కోవాలి. నీ లెక్కలు ముందుంటే ఆ కారణం దొరకదు. పెద్ద షోరూముల్లో ఫ్లోర్ మేనేజర్‌కి కూడా నెల టార్గెట్ ఉంటుంది, పైన ఏరియా మేనేజర్ ఉంటాడు. శ్రావణం ముందు అనుభవమున్న మనిషిని పక్కన పెట్టి అమ్మకాలు ఎందుకు తగ్గించుకున్నావని అడిగే మనిషి ఆ పైవాడే.

మళ్లీ ఎప్పుడైనా అందరి ముందూ మెడ గురించి అన్నాడనుకో, నవ్వకు, తలొంచుకోకు. ‘సార్, సెట్టు కస్టమర్‌ మెడలోనే వేసి అద్దంలో చూపిస్తాను, నేను ఇన్నాళ్లూ అమ్మింది అలాగే’ అని మామూలు గొంతుతో ఒక్క మాట చెప్పి పనిలో పడు. దీనికి మించి ఇంకేం అనక్కర్లేదు.

మానేయాలా అన్నావు. జవాబు కోసం నెల, నెలన్నర చూడు. ఈలోపు ఉన్న కౌంటర్‌ని తక్కువగా చూడకు. అది న్యాయమైన మార్పు అని చెప్పడం లేదు, ఇన్సెంటివ్ లేనంతకాలం అది శిక్షే. కానీ అక్కడ ఉన్న పని పెళ్లి కౌంటర్‌లో ఎవరికీ రాదు. క్యారట్ మెషీన్ మీద నగ పెట్టి స్వచ్ఛత చదవడం, టాంకం (అతుకు లోహం) ఎక్కువున్న చోట మెషీన్ ఎందుకు తక్కువ చూపిస్తుందో తెలుసుకోవడం, లక్క, రాళ్లు, పూసల బరువు తీసి లెక్క కట్టడం, హాల్‌మార్క్‌తో పాటు ఒక్కో నగకీ ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల కోడ్ హెచ్‌యూఐడీ సరిచూడడం. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగలు హెచ్‌యూఐడీ లేకుండా అమ్మడానికి లేదు కాబట్టి ఇది తెలిసిన మనుషులు అందరికీ కావాలి. బంగారం మీద అప్పులిచ్చే కంపెనీల బ్రాంచీలు మన ఊళ్లలో వీధికొకటి ఉన్నాయి. అక్కడ నగ చూసి విలువ కట్టగలిగినవాళ్లకి ఉద్యోగాలున్నాయి, కూర్చుని చేసే పని కూడా. పెళ్లి కౌంటర్‌లో అమ్మిన అనుభవం, పాత బంగారం చూడగలిగిన అనుభవం రెండూ ఉన్న మనిషికి వేరే షోరూమ్‌లో సీనియర్ సేల్స్ అడిగే అర్హత ఉంది. కాబట్టి ఈ నెలన్నర అక్కడి మెషీన్ నేర్చుకోవడానికి వాడుకో.

కొత్త చోటికి ఇంటర్వ్యూకి వెళ్తే ముఖం బాగా కనిపించాలని కొత్త క్రీమ్ వెతక్కు. అడగకపోతే రెజ్యూమెలో ఫొటో పెట్టకు. ముందు అంకెలతో మొదలుపెట్టు. ‘పెళ్లి సీజన్లో నెలకి ఇంత అమ్మాను, ఇంతమంది మళ్లీ మళ్లీ వచ్చారు’ అని తొలి రెండు నిమిషాల్లోనే చెప్పేస్తే, ఎదుటివాడి మనసు నీ రూపం మీద తీర్పు ఇచ్చేలోపే వాడికి ఇంకో విషయం పట్టుకోవడానికి దొరుకుతుంది. అలాగే రెండు ప్రశ్నలు నువ్వే అడుగు. ఎవరు ఏ కౌంటర్‌లో ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? కౌంటర్ మారితే ఇన్సెంటివ్ ఏమవుతుంది? ఈ రెండింటికీ సూటిగా చెప్పని చోట చేరకు.

నీ చోటికొచ్చిన అమ్మాయి తరుగు లెక్క అడిగితే చెప్పు, మానకు. ఆమెకి కూడా ఆ కౌంటర్ ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. ఇంకో తెల్లటి అమ్మాయి వస్తే, లేదా పెళ్లయి కాస్త ఒళ్లొస్తే ఆమెని కూడా ఇలాగే జరుపుతారు. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే అర్థమైతే రేపు నీ మెయిల్‌కి సాక్ష్యంగా ఉంటుంది కూడా.

హెచ్ఆర్ జవాబు వచ్చేదాకా, లేదా రాదని తేలేదాకా రాజీనామా మాత్రం ఇవ్వకు. పాత నెలల ఇన్సెంటివ్ బకాయి ఏదైనా ఉంటే ముందు అది రాయించుకో. ఇవ్వనంటే మీ ప్రాంత అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు, లాయరు అక్కర్లేదు. వెళ్లేటప్పుడు అనుభవ పత్రంలో పాత బంగారం కౌంటర్‌తో పాటు పెళ్లి నగల కౌంటర్ కాలం కూడా తేదీలతో ఉందో లేదో చూసుకో. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానేసిన తేదీ వేశారో లేదో కూడా చూసుకో, అది వేయకపోతే డబ్బు తీసుకోవడానికీ మార్చుకోవడానికీ ఇబ్బంది అవుతుంది. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లిరా. ట్యూబు మీద ఏం పేరుందో, డాక్టరేమన్నారో నాకు రాయి.